అవును, అదే నా మాట

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ వసపిట్ట అనేవారు. పిలవడానికి పొడుగైపోతోందని పోనుపోను అది పిట్ట అయింది. పదమూడేళ్ళు వచ్చేసరికి పిట్ట నోటికి స్కూల్లో మాస్టార్లు కూడా జడిశారు. హోంవర్క్ ఎందుకు చేయలేదని అడిగితే, చేసినవాళ్ళకు కొత్తగా ఏం వచ్చిందో ముందు కనుక్కోమనేది. ఇంట్లో కంచం తీయమంటే, నిన్న తీసిందెవరు, మొన్న తీసిందెవరు అని విచారణ మొదలుపెట్టేది. ఆ విచారణ తేలేలోపు తల్లే కంచాలు తీసి, కడిగి, బోర్లించేసేది.

తల్లి మందుల షాపులో ఫార్మసిస్టు. పొద్దస్తమానం కౌంటరు వెనక నిలబడి డాక్టర్ల కోడిగీతలు చదివి చదివి ఇంటికొచ్చేసరికి, కూతురితో వాదించే ఓపిక ఆమెకు మిగిలేది కాదు. ఒకరోజు లైబ్రరీ గోడ మీద అంటించిన కాగితం చూసింది. కాస్త పెద్దపిల్లలకు శనివారం మధ్యాహ్నాలు చర్చ చేయడం నేర్పుతారట.

"ఎలాగూ వాగుతుంది. ఆ వాగేదేదో ఒక పద్ధతిగా వాగుతుంది" అని మర్నాడే కూతురి పేరు ఇచ్చేసి వచ్చింది.

"దీనికి వాదించడం నేర్పిస్తావా? ఇప్పుడున్నది చాలదా మనకి?" అన్నాడు పిట్ట తండ్రి తల పట్టుకుని.

తాతయ్య మాత్రం మురిసిపోయాడు. "నేను తీసుకెళ్ళి తీసుకొస్తాను. ఆ పని నాకొదిలెయ్యండి" అన్నాడు.

తాతయ్య అంటే పిట్ట నాన్నకు నాన్న. ఆ ఊళ్ళో స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళలో సగంమందికి ఆయనే గురువు. డ్రైవింగ్ స్కూలు పెట్టింది ఆయన; ఇప్పుడు నడుపుతున్నది కొడుకు. బ్యాంకు మేనేజరు, అంబులెన్సు డ్రైవరు, కూడలిలో ట్రాఫిక్ పోలీసు, ఎవరు ఎదురుపడినా "గురువుగారూ, బాగున్నారా" అని ఆగాల్సిందే. భార్య పోయాక ఆయనకు ఇంటికంటే కారే ఎక్కువ ఇల్లయింది. రోజూ పొద్దున్నే తన చిన్ననాటి స్నేహితుడి ఇంటికి వెళ్ళేవాడు. ఆ స్నేహితుడు రిటైరైన పోస్టుమాన్. ఊరంతా నడిచి నడిచి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆయన్ని ఎక్కించుకుని నది పక్కనున్న పార్కుకు తీసుకెళ్ళి, కాసేపు ఎండలో కూర్చుని, కబుర్లాడుకుని, మళ్ళీ ఇంటి దగ్గర దింపి వచ్చేవాడు. వాన పడితే కారులోనే కూర్చుని నదిని చూసేవారు.

లైబ్రరీ మేడమీద గది ఒకప్పుడు పాత పేపర్లు పడేసిన గది. పేపర్లు పోయినా వాసన పోలేదు. మధ్యలో అంచులు లేచిపోయిన పొడుగాటి బల్ల, చుట్టూ ఒకదానికొకటి పొంతన లేని కుర్చీలు, కిటికీ బయట చూరు మీద ఒక పావురం. నేర్పేది లైబ్రరీలో పిల్లల విభాగం చూసే మేడం. ఆవిడ ఎంత మెల్లగా మాట్లాడేదంటే, ముందుకు వంగితే తప్ప వినపడేది కాదు. ఇక ఈవిడేం చర్చ నేర్పుతుంది అనుకుంది పిట్ట.

మొదటిరోజు పిట్టకు ఎదురుగా నిలబడ్డవాడు కళ్ళజోడు కుర్రాడు. ప్రతి వాక్యం "అధ్యక్షా" అని మొదలుపెట్టేవాడు. అందుకని పిల్లలు వాడికి అప్పటికే లాయరుగారని పేరు పెట్టేశారు. స్కూలుకు యూనిఫాం ఉండాలా, వద్దా అన్నది ఆనాటి విషయం. లాయరుగారు ఉండాలన్నాడు. పిట్ట వద్దంది. వద్దనడం అంటే అలా ఇలా కాదు, ఊపిరి తీసుకోకుండా, వేళ్ళు మడిచి లెక్కపెడుతూ, బల్ల గుద్దుతూ దులిపేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పిట్ట గర్వంగా మేడం వైపు చూసింది.

"బాగా మాట్లాడావమ్మా. ఇప్పుడు ఈ అబ్బాయి ఏమన్నాడో చెప్పు" అంది మేడం.

"యూనిఫాం ఉండాలన్నాడు."

"అది ఇతను ఎటువైపో చెప్పడం. ఏమన్నాడు?"

పిట్ట లాయరుగారి వైపు చూసింది. అతను మాట్లాడినంతసేపూ తను ఏం అనాలో మనసులో కూర్చుకుంటూ ఉంది. ఒక్క ముక్క కూడా చెవిన పడలేదు.

"మా అక్కకు ఒకప్పుడు రెండే జతల బట్టలుండేవి. యూనిఫాం వల్ల ఆ సంగతి క్లాసులో ఎవరికీ తెలీలేదు. అదీ నేను చెప్పింది" అన్నాడు లాయరుగారు, మొదటిసారి అధ్యక్షా అనకుండా.

పిట్ట మొహం చిన్నబోయింది. తను అరగంట బల్ల గుద్దింది ఏ మాట మీదో తనకే తెలీదు.

మేడం ఆ గదిలో ఒక్కటే నియమం పెట్టింది. ఎదుటివాళ్ళు మాట్లాడాక, బదులు చెప్పే ముందు, వాళ్ళ మాటను వాళ్ళకే తిరిగి చెప్పాలి. వాళ్ళు "అవును, అదే నా మాట" అనాలి. అలా అనేదాకా మన వంతు రాదు.

"అలా అయితే వాళ్ళకు మనమే సాయం చేసినట్టు కదా మేడం? వాళ్ళే గెలిచేస్తారు" అంది పిట్ట ఉండబట్టలేక.

"గెలవాల్సిన మాటైతే గెలవనీ. వాళ్ళు అనని మాటని పట్టుకుని నువ్వు ఎంత దులిపినా, దుమ్ము నీ మీదే పడుతుంది."

మొదట్లో పిట్టకు అది చేదుమందులా ఉండేది. "కాదు, నేనన్నది అది కాదు" అని ఎదుటివాళ్ళు తల అడ్డంగా ఊపినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఒకసారి లాయరుగారు ఏకబిగిన నాలుగుసార్లు కాదన్నాడు. ఐదోసారి అవునన్నప్పుడు మాత్రం, తాళం ఊడి తలుపు తెరుచుకున్నట్టు హాయిగా అనిపించింది. మెల్లగా అలవాటు ముదిరింది. స్కూల్లో లెక్కల మాస్టారు తిడుతుంటే చేతులు కట్టుకుని విని, "అంటే మాస్టారూ, మీరు ఇంత కష్టపడి చెబుతుంటే నేను కిటికీలోంచి చూడటం మీకు అవమానంగా ఉంది, అంతేనా?" అంది. మాస్టారు తిట్టడం ఆపి, కాసేపు సుద్దముక్క చేతిలో తిప్పి, "అంతేనమ్మా" అని వెళ్ళి కూర్చున్నాడు.

తాతయ్యకు ఈ కబుర్లంటే చెవికోసుకునేంత ఇష్టం. దారి పొడుగునా అడిగి అడిగి చెప్పించుకునేవాడు.

ఒక శనివారం క్లాసు అయ్యాక ఇద్దరూ ఇంటికొస్తున్నారు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆసుపత్రి పక్క మలుపులో ఎడమవైపు నుంచి ఒకావిడ సైకిల్ మీద రావడం పిట్టకు కనిపించింది. తాతయ్య కూడా చూశాడులే అనుకుంది. కారు వేగం తగ్గలేదు. సైకిల్ దగ్గరికొచ్చేసింది.

"తాతయ్యా!" అని కెవ్వున అరిచింది.

బ్రేకు పడింది. బంపరు సైకిల్ ముందు చక్రానికి తగిలింది. ఆవిడ తూలి ఫుట్‌పాత్ పక్క గడ్డిలో పడింది. తాతయ్య గబగబా దిగి లేవదీశాడు. చూస్తే ఆవిడ డ్యూటీకి వెళ్తున్న నర్సు, ఒకప్పుడు ఆయన దగ్గరే కారు నేర్చుకున్న మనిషి. మోచేయి గీరుకుపోయింది, అంతే.

"ఏం కాలేదు గురువుగారూ, కంగారుపడకండి" అంది ఆవిడ చేయి దులుపుకుంటూ.

"నేను చూశానమ్మా. చూసే బ్రేకు వేశాను. నువ్వే కాస్త తొందరపడ్డావు" అన్నాడు తాతయ్య.

ఆయన చూడలేదు. తను అరిచాకే బ్రేకు తొక్కాడు. ఆ సంగతి పిట్టకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ సాయంత్రం పిట్ట కిక్కురుమనకుండా కూర్చుంటే, జలుబు చేసిందేమోనని తల్లి నుదురు పట్టుకుని చూసింది.

దాచినా దాగే సంగతి కాదు. మర్నాడు ఆ నర్సు దూది, ఆయింట్‌మెంట్ కొనడానికి వెళ్ళింది పిట్ట తల్లి పనిచేసే మందుల షాపుకే. మాటల్లో మాటగా చెప్పేసింది. ఆ పూట ఇంటి కప్పు ఎగిరిపోయింది.

"ఇవాళ్టినుంచి మీరు కారు ముట్టుకోవద్దు నాన్నా. నేను ఇంతే చెప్పేది" అన్నాడు పిట్ట తండ్రి.

"నువ్వా నాకు చెప్పేది? క్లచ్ ఏదో బ్రేకు ఏదో తెలియని రోజుల్లో నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది నేను!" తాతయ్య అంతెత్తున లేచాడు.

"అందుకే చెబుతున్నాను. మీరు నేర్పిన ఆవిడే మీ కారు కింద పడబోయింది!"

"మామయ్యగారూ, మీ మంచికే కదండీ..." అని తల్లి మధ్యలో రాబోయింది. ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు చూసేసరికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తండ్రి పిట్ట వైపు తిరిగాడు. "నువ్వున్నావుగా బండిలో. ఏం జరిగింది? చెప్పు."

తాతయ్య కూడా చూశాడు. ఆ చూపు తట్టుకోలేక పిట్ట తల దించుకుంది. "నాకు సరిగ్గా కనపడలేదు నాన్నా" అంది.

తండ్రి కారు తాళంచెవి జేబులో వేసుకుని డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళిపోయాడు. తాతయ్య తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అప్పటినుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉంటూ "మీ నాన్నకు చెప్పు", "మీ తాతయ్యనడుగు" అని పిట్ట ద్వారా కబుర్లు నడిచేవి. పోస్టుమాన్ తాత పొద్దున్నే తయారై గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఎదురుచూస్తున్నాడని ఫోనొచ్చింది. "ఒంట్లో బాగాలేదని చెప్పు" అన్నాడు తాతయ్య. అన్నం కూడా గదిలోకే తెమ్మనేవాడు. ఏం పెట్టమంటారని కోడలు అడిగితే, "ఏదైనా పర్వాలేదమ్మా, మీ ఇష్టం" అనేవాడు.

తర్వాతి శనివారం తల్లితో కలిసి బస్సులో లైబ్రరీకి వెళ్ళింది పిట్ట. ఇవాళ విషయం ఎవరిస్తారు అని మేడం అడగగానే చెయ్యెత్తింది.

"వయసు మీదపడ్డాక కారు నడపడం మానేయాలా, అక్కర్లేదా?"

తాతయ్య వైపు నిలబడి అందరినీ ఓడగొట్టాలని దాని కోరిక. కానీ ఎటువైపు మాట్లాడాలో తేల్చేది చీటీలు. పిట్టకు 'మానేయాలి' వచ్చింది. 'అక్కర్లేదు' లాయరుగారికి వెళ్ళింది.

"మేడం, ప్లీజ్, మార్చుకోవచ్చా?" అని బతిమాలింది.

"ఇవాళ అదే మాట్లాడి చూడమ్మా. కావాలంటే వచ్చే వారం మారుద్దాం" అంది మేడం.

లాయరుగారు ముందు లేచాడు. ఆ రోజు వాడు చేతిలో కాగితం పట్టుకోలేదు. "అధ్యక్షా, మా అమ్మమ్మకు ఒక కుట్టుమిషన్ ఉండేది. వేలికి సూది గుచ్చుకుంటోందని మా మామయ్య దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. మంచికే ఇచ్చాడు. ఆ తర్వాత మా అమ్మమ్మ ఎవరేం అడిగినా మీ ఇష్టం అనడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మిషన్‌తో పాటు ఇంకోటేదో కూడా పట్టుకుపోయారు. దాన్నేమంటారో నాకు తెలీదు. అంతే అధ్యక్షా."

'మీ ఇష్టం' అన్న మాట దగ్గరే పిట్టకు తాతయ్య గుర్తొచ్చాడు. వాడి మాటను వాడికి తిరిగి చెప్పాలి. లేచి నిలబడింది. తడుముకుంటూ మొదలుపెట్టింది.

"నువ్వనేదేంటంటే... పెద్దవాళ్ళకు ఎవర్నీ అడక్కుండా చేసుకునే పని ఒకటుంటే, వాళ్ళు ఇంట్లోవాళ్ళలా ఉంటారు. వాళ్ళనొక మాట కూడా అనకుండా దాన్ని లాగేస్తే, సొంత ఇంట్లోనే చుట్టాల్లా అయిపోతారు. మొహమాటపడుతూ, ఏం పెడితే అది తింటూ. అదేనా?"

లాయరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అవును, అదే నా మాట. నాకంటే నువ్వే బాగా చెప్పావు."

ఇక పిట్ట వంతు. వయసు, చూపు, రోడ్డు మీద రద్దీ అని ఏవేవో అనుకుని వచ్చింది. అవేవీ నోటికి రాలేదు.

"మా తాతయ్య చాలా బాగా నడుపుతాడు" అంది. "ఊళ్ళో అందరికీ ఆయనే నేర్పాడు. కానీ పోయినవారం సైకిల్ మీదొచ్చే ఆవిడ ఆయనకు కనపడలేదు. నేను అరిస్తేగానీ బ్రేకు వేయలేదు. నేను ఆ రోజు కారులో లేకపోతే..."

మిగతాది చెప్పకుండానే కూర్చుండిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేడం పిల్లలందరినీ కాసేపు కిందకి పంపి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి పిట్ట ముందు పెట్టింది.

"ఈ సంగతి ఇంట్లో చెప్పావా?"

పిట్ట తల అడ్డంగా ఊపింది. "చెబితే తాతయ్యను నేనే పట్టిచ్చినట్టు. చెప్పకపోతే..."

"చెప్పకపోతే?"

"ఇంకెవరైనా పడతారు."

మేడం పక్కన కూర్చుంది. "ఇక్కడ నేర్చుకున్నది ఇంట్లో గెలవడానికి వాడకు తల్లీ. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ మళ్ళీ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి కదా. ముందు ఎవరి మాట వాళ్ళకు వినిపించేలా చూడు. నీ మాట ఆఖర్న చెప్పు. కానీ చెప్పు."

ఆదివారం పొద్దున పిట్ట కాఫీ గ్లాసు పట్టుకెళ్ళి తాతయ్య తలుపు తట్టింది. "కాఫీ ఇక్కడ ఇవ్వను. బల్ల దగ్గరికొస్తేనే" అంది. ఎంత బెట్టుచేసినా కాఫీ ముందు ఆయన పప్పులుడకలేదు. వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా తండ్రి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పిట్ట ఆ పేపరు లాగి మడిచి తన కుర్చీ కింద పెట్టుకుని నియమం చెప్పింది.

"ఇదేం ఆటే పొద్దున్నే?" అన్నాడు తండ్రి.

"ఆట కాదు. ముందు నువ్వు. తాతయ్య ఏమంటున్నాడో చెప్పు. తాతయ్య అవునంటేనే నువ్వు మాట్లాడాలి."

"ఏముంది, ఆయనకు మొండిపట్టు."

"అది తాతయ్య మాట కాదు నాన్నా. తాతయ్య గురించి నీ మాట."

తల్లి నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి కుర్చీలో కదిలాడు. "సరే. ఇన్నేళ్ళ అనుభవం ఉందంటారు. తనకు ఏమీ కాదంటారు."

"కాదు" అన్నాడు తాతయ్య, కొడుకుతో అన్ని రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడుతూ.

"నేను చెబితే మీరు వినాల్సి రావడం నామోషీ."

"అది కొంచెం ఉంది. కానీ అది కాదు."

తండ్రి ఆలోచనలో పడ్డాడు. తర్వాత పోస్టుమాన్ తాత గేటు దగ్గర కుర్చీ వేసుకున్న సంగతి ఆయనకు గుర్తొచ్చినట్టుంది.

"కారు లేకపోతే మీరు ఎక్కడికి వెళ్ళాలన్నా మమ్మల్ని అడగాలి. ఖాళీగా ఉన్నావా, తీసుకెళ్తావా అని. మీరు పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడగలేదు. అమ్మ ఉన్నప్పుడు అమ్మకైనా అడక్కుండానే తెలిసేది. ఇప్పుడు మమ్మల్ని అడగడం మొదలుపెడితే ఇక అంతా అడుక్కోవడమే అవుతుందని మీ భయం. అదేనా నాన్నా?"

తాతయ్య కళ్ళు చెమర్చాయి. "అవును రా. అదే నా మాట" అన్నాడు. "నీకెలా తెలిసింది?" అని అడిగాడు.

"ఇప్పుడే తెలిసింది" అన్నాడు తండ్రి.

తర్వాత తాతయ్య వంతు. "వీడికి నేను ముసలాణ్ణయిపోయానని" అని మొదలుపెట్టి, పిట్ట మొహం చూసి తనే ఆగిపోయాడు. "ఉండు, ఉండు. మళ్ళీ చెబుతాను." కొడుకు వైపు తేరిపార చూశాడు. "నేను బయటికి వెళ్ళినప్పుడల్లా నీ ఫోను మోగితే గుండె ఆగిపోతోంది. ఎవరైనా ఏదైనా చెబుతారేమోనని. బండి నేర్పుతూ కూడా ఫోను వైపే చూస్తున్నావు. అంతేనా?"

"ఏడాదినుంచి నాన్నా" అన్నాడు తండ్రి.

అప్పుడు పిట్ట తాతయ్య పక్కకు వెళ్ళి నిలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. "తాతయ్యా, ఆ రోజు సైకిల్‌ని నువ్వు చూడలేదు. నేను అరిచాక బ్రేకు వేశావు. నాన్న అడిగితే కనపడలేదని అబద్ధం చెప్పాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

బల్ల దగ్గర అందరూ తాతయ్యకు కోపం వస్తుందనుకున్నారు. ఆయన మనవరాలి చెయ్యి వదల్లేదు.

"నువ్వు అరవకపోతే ఆ అమ్మాయి ఏమయ్యేదో అని రోజూ కళ్ళు మూసుకుంటే అదే కనపడుతోంది తల్లీ" అన్నాడు. "ఎదురుగా ఉన్నవన్నీ బాగానే కనపడతాయి. ఆవిడ ఎక్కడినుంచి ఊడిపడిందో ఇప్పటికీ అర్థం కావట్లేదు. నాకే భయమేసి ఒప్పుకోలేదు."

ఫార్మసిస్టు అయిన కోడలు ఆ మాటకు చప్పున తలెత్తింది. "మామయ్యగారూ, పక్కనుంచి వచ్చేవి కనపడట్లేదా? గుమ్మానికి భుజం తగులుతోందని మొన్న కూడా అన్నారు. రేపే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

కంటి డాక్టర్ గంటల తరబడి పరీక్షలు చేశాడు. కంట్లో ఒత్తిడి పెరిగి, రెండు పక్కలా చూపు సన్నగిల్లుతూ వస్తోందట. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెలియదట. పోయిన చూపు తిరిగి రాదు. కారు ఇక నడపకూడదు. కానీ రోజూ చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపు నిలబడుతుంది.

"ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసుంటే పుస్తకం కూడా చదవలేకపోయేవారు. మంచి సమయానికి వచ్చారు. ఎవరు పంపించారు మిమ్మల్ని?" అన్నాడు డాక్టర్.

"మా పిట్ట" అన్నాడు తాతయ్య. డాక్టర్‌కు అర్థం కాలేదు.

ఆయన బాధపడలేదని కాదు. కారును చేత్తో తుడిచి, తుడిచి, కాసేపు దాని దగ్గరే నిలబడి లోపలికొచ్చాడు. కానీ కొడుకు ఆ రోజే ఒక ఉపాయం ఆలోచించాడు. డ్రైవింగ్ స్కూల్లో పొద్దుటి పాఠం పోస్టుమాన్ ఇంటి మీదుగా పార్కు దాకా పెట్టాడు. ముందు సీట్లో నేర్చుకునేవాళ్ళు, పక్కన తను, వెనక సీట్లో తాతయ్య, పోస్టుమాన్ తాత. "నాన్నా, మీరిద్దరూ వెనక కూర్చుంటే నేర్చుకునేవాళ్ళకు బరువు తెలుస్తుంది" అన్నాడు. అడక్కుండానే దారి దొరికిందని తాతయ్య లోలోపల పొంగిపోయాడు. పైకి మాత్రం, "వీళ్ళ చేతుల్లో మా ప్రాణాలు పెడుతున్నావన్నమాట" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చేసిన మొదటి పని నర్సు ఇంటికి వెళ్ళడం. "తప్పు నాదేనమ్మా. నిన్ను చూడలేదు. నిన్నే తప్పుపట్టాను" అన్నాడు. ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, చుక్కల మందు కన్ను కింద రెప్ప లాగి ఎలా వేసుకోవాలో చూపించి పంపింది.

రెండో పని లైబ్రరీకి వెళ్ళడం. శనివారం పిట్టతో కలిసి బస్సెక్కాడు. కమ్మీ పట్టుకుని పట్టుకుని మేడ మెట్లు ఎక్కాడు. పిల్లలంతా వెళ్ళేదాకా గుమ్మం పక్కన కూర్చున్నాడు. మేడం తలుపు వేయబోతుంటే లేచి నమస్కారం పెట్టాడు.

"అమ్మా, నేనూ జీవితమంతా ఒకటి నేర్పినవాణ్ణే. నేర్చుకున్నవాళ్ళు వెనక్కి వచ్చి చెబితే తప్ప, అది ఎక్కడ పనికొచ్చిందో నేర్పినవాళ్ళకు తెలీదు. అందుకని చెప్పిపోదామని వచ్చాను. మీరు నేర్పింది మా ఇంట్లో పనికొచ్చింది. నా కొడుకు నాతో మాట్లాడుతున్నాడు. నా చూపు నిలబడింది."

ఇన్నేళ్ళలో వచ్చిన పిల్లలు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. ఇలా మెట్లెక్కి వచ్చి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. మేడం ఆయనకు కుర్చీ జరిపి, తను కూడా కూర్చుని కళ్ళు ఒత్తుకుంది.

"లాయరుగారికి కూడా చెప్పాలి మేడం. వాళ్ళ అమ్మమ్మ మిషన్ గురించి చెప్పకపోతే నాకు తట్టేదే కాదు" అంది పిట్ట.

"చెప్పు. వచ్చే వారం అందరి ముందూ చెప్పు" అంది మేడం.

పిట్ట అలాగే చెప్పింది. లాయరుగారు ఎర్రబడిపోయి, "అధ్యక్షా" అని కూర్చున్నాడు. వాళ్ళ మామయ్య అమ్మమ్మకు మిషన్ తిరిగి తెచ్చిపెట్టాడని, ఆవిడ ఇప్పుడు మీ ఇష్టం అనడం మానేసి పిల్లలందరి లాగులకూ అతుకులు వేస్తానని వెంటపడుతోందని తర్వాతెప్పుడో చెప్పాడు.

పిట్ట తండ్రికి మాటల్లో చెప్పడం చేతకాదు. కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడల్లా మేడం ఎదురుగా నిలబడి చేతులు నలుపుకుని వెళ్ళిపోయేవాడు. ఒకరోజు ఎలాగో కూడదీసుకుని, "మేడం, మీకు డ్రైవింగ్ వచ్చా?" అన్నాడు.

"రాదండీ. నాకు రోడ్డంటేనే భయం."

"అయితే సోమవారం పొద్దున్నే రండి" అని ఆమె సమాధానం వినకుండా మెట్లు దిగిపోయాడు.

సోమవారం మేడం వచ్చింది. సెలవు రోజు కావడంతో పిట్ట కూడా వెనక సీట్లో తాతలిద్దరి మధ్యా ఇరుక్కుంది. కారు కుదుపులతో, గునుస్తూ, పెద్ద కూడలి దాకా వెళ్ళి సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. వెనక హారన్లు మోగాయి. లారీవాడు తల బయటపెట్టి ఏదో అరిచాడు. మేడం బిగుసుకుపోయి స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది.

"ఏం కాదు మేడం. క్లచ్ తొక్కి, తాళం తిప్పండి. తొందరేం లేదు" అన్నాడు పిట్ట తండ్రి.

"వాళ్ళు అరుస్తున్నారండీ" అంది మేడం, ఆ మోతలో ఎవరికీ వినపడని గొంతుతో.

"అరవనీ అమ్మా. వాళ్ళలో చాలామంది ఇదే కూడలిలో నా పక్కన కూర్చుని ఇంజను ఆపినవాళ్ళే" అన్నాడు తాతయ్య వెనకనుంచి. పోస్టుమాన్ తాత కడుపుబ్బ నవ్వాడు. కూడలిలో పోలీసు గురువుగారిని గుర్తుపట్టి, చెయ్యెత్తి మిగతా బళ్ళన్నీ ఆపేశాడు.

ఇంజను అందుకుంది. కారు ఒక్కసారి ముందుకు ఉరికి, సర్దుకుని, మెల్లగా నది వైపు తిరిగింది.